'ఏరు' అంటే నీళ్లని తెలిసిన టీచర్ కావాలి



పోస్టు పొడుగైంది. హాస్టల్‌లో రెండు రాత్రులు మా గదిలో జరిగిన వాదనంతా ఇందులో ఉంది. ఓపికగా చదవండి. తప్పుంటే కింద రాయండి, దిద్దుకుంటాం.

ఉగాది సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా గూడెం అంగన్‌వాడీలో ఒక పొద్దంతా కూర్చున్నాం. మాలో ఒకరు డీఎడ్ చదువుతున్నారు. చిన్నపిల్లల కేంద్రం చూసి రికార్డు రాయమని కాలేజీలో చెప్పారట. తోడుగా మిగతావాళ్లం పోయాం. మా కేంద్రంలో టీచర్ పోస్టు ఖాళీ. పక్క ఊరి టీచరమ్మకు ఇన్‌చార్జి ఇచ్చారు. ఆమె తన కేంద్రం చూసుకుంటూనే వారంలో రెండు మూడు రోజులు ఇక్కడికి వస్తుంది. మిగతా రోజులు ఆయమ్మే అన్నీ.

ఆ రోజు టీచరమ్మ వచ్చింది. పొద్దున పది దాటింది, ఎండ అప్పటికే మండిపోతోంది. నాలుగేళ్ల పాప ఒకతి వచ్చి టీచరమ్మ కొంగు పట్టుకుని "ఏరు, ఏరు" అంది. టీచరమ్మ ప్రేమగానే, "ఏరు దగ్గరికి పోవద్దమ్మా, మునిగిపోతావ్" అని కూర్చోబెట్టింది. పాప మళ్లీ లేచింది, మళ్లీ "ఏరు" అంది. టీచరమ్మ మళ్లీ కూర్చోబెట్టింది. మూడోసారి పాప లేవలేదు. గోడకు ఆనుకుని, పెదాలు తడుపుకుంటూ ఊరుకుంది. పొయ్యి దగ్గరున్న ఆయమ్మ చూసి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. పాప గటగటా తాగేసింది.

మన కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. అంతే తేడా. ఆ తేడాతో ఒక పిల్ల దాహంతో కూర్చుండిపోయింది. మేం చూస్తుండగానే ఇదంతా జరిగింది. మాలో ఎవరమూ వెంటనే లేచి చెప్పలేదు. టీచర్ ముందు కోయ మాట అనడానికి ఇరవై ఏళ్లొచ్చినా మాకింకా నోరు రాదు. అది మా సిగ్గు, ముందే ఒప్పుకుంటున్నాం.

టీచరమ్మను తిట్టడానికి ఈ పోస్టు రాయడం లేదు. ఆమె ఎండలో నడిచి వస్తుంది. రెండు కేంద్రాల రిజిస్టర్లు, పాలు, గుడ్లు, పిల్లల బరువులు, గర్భిణీల పేర్లు అన్నీ ఆమెవే. సిగ్నల్ కోసం చింతచెట్టు కింద నిలబడి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపుతూ గంట పైనే గడిపింది. ఆ గంటలో లోపల జరిగినదే మేం అసలు చెప్పాలనుకున్నది.

ఇప్పపూలు ఏరుకునే కాలం కదా. పిల్లలు ఎండుటాకులు కుప్పేసుకుని సంత ఆట మొదలుపెట్టారు. ఒక కర్రకు రెండు కొబ్బరి చిప్పలు కట్టి తక్కెడ చేశారు. గులకరాళ్లు తూకం రాళ్లు. ఐదేళ్ల పిల్లాడు షావుకారు. మిగతావాళ్లు ఇప్పపూలు అమ్మడానికి వచ్చిన అమ్మలు, అక్కలు. షావుకారు తూకం వేస్తూ చిప్ప మీద బొటనవేలు ఆనించాడు. మాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఐదేళ్లవాడికి అది ఎవరూ నేర్పలేదు. సంతలో వాళ్ల అమ్మ పక్కన నిలబడి చూశాడు.

ఆయమ్మ కూర కలబెడుతూ ఇదంతా గమనిస్తోంది. ఆట ఆపలేదు, "తప్పు" అనలేదు. తనూ చాటలో కాసిని ఆకులు వేసుకుని అమ్మడానికి వచ్చి కూర్చుంది. కోయలోనే అంది, "చేయి తీసి ఇంకోసారి వెయ్యి బాబూ, రాళ్లు నేను లెక్కపెడతా" అని. పిల్లలంతా గుమిగూడి రాళ్లు లెక్కపెట్టారు. కొన్ని కోయ అంకెలు, కొన్ని తెలుగు అంకెలు. మొదటిసారి మూడు రాళ్లు తూగిన కుప్ప, వేలు తీశాక ఐదు రాళ్లు తూగింది. ఒక పాప "మరి ఆ రెండూ ఏవి?" అని అడిగింది. ఆయమ్మ జవాబు చెప్పలేదు. "నువ్వే చెప్పు" అంది. తర్వాత షావుకారును అమ్మేవాడిని చేసి, ఆ పాపకు తక్కెడ ఇచ్చింది. పప్పు మాడుతోందని లేచి పోయింది. ఆట ఇంకో అరగంట సాగింది.

సాయంత్రం రిజిస్టర్ చూశాం. ఆ రోజు పూర్వ ప్రాథమిక విద్య కింద "గేయం, అంకెలు 1 నుంచి 10" అని ఉంది. సంత ఆట ఎక్కడా లేదు. ఆయమ్మ చేసిన పనికి ఏ గడీ లేదు.

హాస్టల్‌కు తిరిగొచ్చాక మా డీఎడ్ మిత్రుడి పుస్తకంలో "పిల్లలే ముందు నడిచే విద్య, లీడ్ టీచర్ పాత్ర" అనే పాఠం చదివాం. గోల అక్కడ మొదలైంది. ఒకడన్నాడు, "పిల్లలే ముందు నడిస్తే టీచరెందుకు? గేదెల్ని వదిలినట్టు వదిలేస్తే సరి" అని. ఇంకొకరు, "అదంతా ఫీజులు కట్టే పట్నం స్కూళ్ల ముచ్చట, మనకు అ ఆలు వస్తే చాలు" అన్నారు. రెండు రాత్రులు కొట్లాడాక మాకు తేలింది ఇది.

పిల్లలు ముందు నడవడమంటే టీచర్ పని తగ్గడం కాదు, పెరగడం. బోర్డు మీద అక్షరం రాసి "చెప్పండి" అంటే టీచర్‌కు సులువు, ఇరవై మంది ఒకే గొంతుతో అరుస్తారు. పిల్ల తనకు తాను ఏదో మొదలుపెట్టినప్పుడు అది ఏమిటో కనిపెట్టాలంటే కన్ను కావాలి. ఎప్పుడు ఆటలోకి దిగాలో, ఎప్పుడు లేచిపోవాలో తెలియాలి. ఏ ప్రశ్న అడగాలో, ఏ జవాబు చెప్పకుండా ఆగాలో తెలియాలి. ఇవాళ తక్కెడ ఆడారు కాబట్టి రేపు చింతగింజలు, సోల, తవ్వ ముందర పెట్టాలని తట్టాలి. మూలన కూర్చున్న పిల్లను ఎవరి పక్కన కూర్చోబెడితే కదులుతుందో తెలియాలి. సాయంత్రం ఆ పిల్ల అమ్మతో "మీ పాప ఇవాళ రెండు రాళ్లు ఎక్కడ పోయాయని అడిగింది" అని చెప్పాలి. లీడ్ టీచర్ అంటే ఈ పనులన్నీ చేస్తూ, పక్కన సాయం చేసేవాళ్లకు కూడా నేర్పేది. పుస్తకంలో ఉన్నది ఇదే. మా గూడెంలో ఇందులో సగం పైన చేస్తున్నది ఆయమ్మ. కాగితం మీద ఆమె పని వంట, ఊడ్చడం, పిల్లల్ని పిలుచుకురావడం.

ఇది పట్నం ముచ్చట అన్నవాళ్ల కోసం చరిత్ర కొంచెం. మాంటిస్సోరి అనగానే మనకు టై కట్టుకున్న పిల్లలు, స్కూల్ బస్సు గుర్తొస్తాయి. కానీ మరియా మాంటిస్సోరి తన మొదటి బడి 1907లో రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేద కూలీల వాడలో పెట్టింది. ఆ ఆలోచనల్ని మన దేశపు మట్టికి తగ్గట్టు మార్చినవాళ్లలో గుజరాత్‌లోని భావనగర్‌లో పనిచేసిన గిజుభాయి బధేకా ఒకరు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డి అనే ఊళ్లో పల్లె పిల్లల కోసం కేంద్రం మొదలుపెట్టింది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని టీచరైన అనుతాయి వాఘ్ ఆమెకు తోడైంది. తర్వాత వాళ్లు కోస్బాడ్ గుట్ట మీదికి, వార్లీ ఆదివాసీల మధ్యకు పోయారు.

పేద వాడల పిల్లలు బాలవాడీకి రాకపోతే వాళ్లు "ఈ జనానికి చదువు మీద శ్రద్ధ లేదు" అనుకోలేదు. బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకుపోయారు. అంగణ్ అంటే ముంగిలి. ఆ ముంగిట్లో బడికే అంగన్‌వాడీ అని పేరు. పశువులు కాసే పిల్లల కోసం బీడు మీదనే బడి నడిపారు. తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకునే పనితో పెద్దపిల్లలు బడికి రాలేకపోతుంటే, ఉయ్యాల బడి, బాలవాడీ, ప్రాథమిక బడి మూడూ ఒకేచోట పెట్టారు. ఖరీదైన సామాన్ల బదులు రాళ్లు, గింజలు, ఆకులు, గవ్వలు వాడారు.

అంటే ఈ పద్ధతి పట్నం నుంచి మనకు దయగా వచ్చింది కాదు. ఈ దేశంలో అది ఎదిగిన చోట్లలో ఆదివాసీ గూడెం ఒకటి. 1975 అక్టోబర్ 2న ప్రభుత్వం ఐసీడీఎస్ మొదలుపెట్టి 33 ప్రాజెక్టుల్లో కేంద్రాలు తెరిచినప్పుడు వాటికి పెట్టుకున్నది కూడా ఆ అంగన్‌వాడీ అనే పేరే. పేరు వచ్చింది. మన ముంగిలి, మన మాట వెంట రాలేదు.

కాగితాలకు మాత్రం కొదవ లేదు. రాజ్యాంగంలో 350ఏ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లకు ప్రయత్నించమంటుంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంటి భాష గురించి గట్టిగానే చెప్పింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే చదువు అంది. 2023 మేలో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' రోజుకు కనీసం రెండు గంటలు మంచి పూర్వ ప్రాథమిక విద్య ఉండాలంది. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో పిల్లల వాచకాలు వచ్చాయి. మన అన్నలు, అక్కలు కొందరు వాటితోనే చదువుకున్నారు. మా గదిలో ఉన్న ఆరుగురిలో ఒక్కరూ ఆ వాచకం చేత్తో పట్టుకోలేదు.

2000 నాటి జీవో నంబర్ 3 గుర్తుంది కదా. ఏజెన్సీ బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పటి నుంచి మనమంతా ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నాం, మాట్లాడాలి కూడా. కానీ ఆ జీవో వెనుక ఇంకో సంగతి ఉందని ఎంతమందిమి రాశాం? గూడెంలో ఉండే టీచర్, పిల్ల మాట అర్థమయ్యే టీచర్ ఆ పిల్ల హక్కు. ఉద్యోగం మనది, హక్కు పిల్లది. మూడేళ్ల పిల్ల ధర్నాకు రాలేదు కాబట్టి ఆమె మాట వినబడలేదు.

ఇప్పుడు మన ఇళ్లలో వచ్చే ప్రశ్న. మా అమ్మలే అడుగుతారు, "ఆటలాడించడానికి బడెందుకు? ఆట ఇంటి దగ్గర లేదా? కోయ మాకు రాదా? ఇంగ్లీష్ చెప్పమనండి" అని. ఈ మాటను మేం తేలిగ్గా తీసెయ్యం. తెలుగు రాక రెవెన్యూ ఆఫీసు గడప దగ్గర, ఆసుపత్రి చీటీ దగ్గర వాళ్లు పడిన అవమానం అందులో ఉంది. అప్పు చేసి పట్నం నర్సరీకి పంపుతున్నది కూడా అందుకే. ఇంకొకరు మమ్మల్నే చూపిస్తారు, "మీరు అ ఆలు బట్టీపట్టే కదా డిగ్రీ దాకా వచ్చింది" అని.

నిజమే, వచ్చాం. కానీ మాలో ఒకరి గూడెంలో ఒకటో తరగతిలో కలిసి చేరినవాళ్లు పదకొండు మంది. డిగ్రీకి వచ్చింది ఇద్దరు. మిగతా తొమ్మిది మందిలో మొద్దులెవరూ లేరు. అడవిలో ఏ చెట్టు బెరడు దేనికో చెప్పగలిగినవాడు, పిట్ట గూడు చూసి వాన సంగతి చెప్పేవాడు బళ్లో "వీడు మాట్లాడడు" అనిపించుకున్నాడు. మా గదిలోనే ఒకరు అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో కలిపి రెండేళ్లు నోరు తెరవలేదు. మూగ అనుకున్నారట. ఇంటికి పోతే వాగుడుకాయ. ఇప్పటికీ సెమినార్ అంటే చేతులు చెమట పడతాయని చెప్పాడు. బట్టీ వల్ల గట్టెక్కిన ఇద్దరిని లెక్కపెట్టి, మునిగిన తొమ్మిది మందిని లెక్కలోంచి తీసేస్తే, అది కూడా చిప్ప మీద బొటనవేలు పెట్టడమే.

తెలుగు వద్దని మేం అనడం లేదు. ఇంగ్లీష్ కూడా కావాలి, గట్టిగా కావాలి. ముందు పిల్ల నోరు తెరవాలి. 'ఏరు' అన్న పిల్లకు నీళ్లు ఇస్తూ "నీళ్లు కావాలా? ఇదిగో నీళ్లు" అంటే ఆ పూటే ఒక తెలుగు మాట వస్తుంది, భయం లేకుండా. ఆ పని చెయ్యాలంటే టీచర్‌కు రెండు మాటలూ తెలియాలి. పిల్లల వెంట నడవమని చెప్పి, పిల్లలు ఏమంటున్నారో తెలియనివాళ్లను పంపితే, ఆ నడక ఎట్లా సాగుతుంది?

టీచరమ్మ వైపు నుంచి కూడా చూడాలి. 2018లో కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు. మిగతాది రాష్ట్రం కలుపుతుంది. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. సర్వే అన్నా, బరువులన్నా, ఓటర్ల జాబితా అన్నా వాళ్ల తలకే చుడతారు. పిల్లల్ని గమనించు, రాయి, రేపటి ఆట ఆలోచించు అని ఇదంతా మోస్తున్న మనిషికి ట్రైనింగ్‌లో చెబితే ఆమె తల ఊపి ఫోన్ తీస్తుంది. తప్పు ఆమెది కాదు. ఫోన్‌లో నింపని గుడ్డుకు లెక్క అడుగుతారు. నోరు తెరవని పిల్ల గురించి ఎవరూ అడగరు.

అందుకని మేం అడిగేవి నాలుగు.

ఒకటి. గూడేల్లో అంగన్‌వాడీ టీచర్‌ను ఎంపిక చేసేటప్పుడు 'స్థానికురాలు' అంటే అదే గూడెం భాష మాట్లాడే మనిషి అని అర్థం చేసుకోవాలి. పంచాయతీ ఒకటే అయినంత మాత్రాన భాష ఒకటి కాదు. ఖాళీలు నెలల తరబడి ఇన్‌చార్జిలతో నడపొద్దు.

రెండు. ఐదేళ్లు పనిచేసిన ఆయమ్మలకు అర్హతలుంటే సగం టీచర్ పోస్టులు ప్రమోషన్ మీద ఇవ్వమని పోషణ్ 2.0 కింద కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మన ఆయమ్మలు చాలామంది చదువు సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతారు. ఓపెన్ స్కూల్ ఉంది. ఫీజు, పుస్తకాలు ఐటీడీఏ చూడాలి. చెప్పే పని మనం చూడొచ్చు. సెలవుల్లో ఊరికే ఫోన్ చూసే బదులు ఒక ఆయమ్మకు లెక్కలు, ఇంగ్లీష్ చెప్పలేమా?

మూడు. గిరిజన ప్రాంతాల్లో 300 జనాభా ఉంటే అంగన్‌వాడీ, 150 ఉంటే మినీ కేంద్రం అన్నది లెక్క. అడవి లోపల పదిహేను, ఇరవై ఇళ్ల గుంపులు ఆ లెక్కకు అందవు. తారాబాయి, అనుతాయి బడిని బీడు మీదికి తీసుకుపోయారు. మన పిల్లలు మాత్రం వాగు దాటి రావాలా?

నాలుగు. రిజిస్టర్‌లో ఒక్క గడి పెట్టండి. "ఈ రోజు పిల్లలు తమంతట తాము ఏం ఆడారు, ఏం అడిగారు?" ఆయమ్మ చెబితే టీచరమ్మ రాస్తుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. దానికి బదులు ఫోన్ పని ఏదో ఒకటి తగ్గించండి.

పెసా చట్టం 1996 నుంచి ఉంది. గ్రామసభలో రోడ్డు, బోరు, పట్టా అడుగుతున్నాం. ఈసారి అంగన్‌వాడీ సంగతి కూడా లేవనెత్తుదాం. మేం మా గూడెంలో లేవనెత్తుతాం. ఏమైందో ఇక్కడే రాస్తాం, ఏమీ కాకపోయినా రాస్తాం.

మొన్న తిరిగి వచ్చే ముందు ఆయమ్మకు చెప్పాం, "నువ్వు చేసేది పుస్తకంలో ఉందమ్మా, దానికి పెద్ద పేరే ఉంది" అని. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. "ఆ షావుకారు పిల్లాడు నిన్న వాళ్ల అమ్మ వెంట సంతకు పోయాడంట. తూకం దగ్గర నిలబడి 'వేలు తియ్యి' అన్నాడంట. షావుకారు నవ్వాడంట కానీ తీశాడంట" అని చెప్పి అన్నం వార్చడానికి లోపలికి పోయింది.

చివరగా ఒక మాట. ఈ గ్రూపులో కోయలు, గోండులు, కొండరెడ్లు, సవరలు, కొండదొరలు, లంబాడీలు అందరం ఉన్నాం. మీ ఇంట్లో మూడేళ్ల పిల్ల దాహమేస్తే ఏమని అడుగుతుందో కింద రాయండి. ఏ గూడెం, ఏ భాష అని కూడా రాయండి. అన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి, వచ్చే సెలవుల్లో మా టీచరమ్మకు ఇస్తాం. ఇస్తే గోడకు అంటిస్తానని ఆమే అంది.

జై ఆదివాసీ!

మీ హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు